కరిగే లోహం... అతికే ఎముక

విరిగిన ఎముకకు ఆసరాగా నిలిచి, పని అయ్యాక ఒంట్లోనే కలిసిపోయే మెగ్నీషియం మీద ప్రపంచమంతా పరిశోధనలు సాగుతున్నాయి. ఇదే సమస్యకు పాతబస్తీ పొలిమేరల్లోని ప్రయోగశాల ఇంకో లోహంతో జవాబు వెతికింది. ఇక తేలాల్సింది ఆసుపత్రి మెట్టు ఎక్కే దారి.

ఉస్మానియా ఆసుపత్రి ఎముకల విభాగానికి రెండు రకాల మనుషులు వస్తారు. ఎముక విరిగి వచ్చేవాళ్లు మొదటి రకం. అతుక్కున్నాక వచ్చేవాళ్లు రెండో రకం. రెండోవాళ్ల చేతిలో పాత ఎక్స్‌రే ఉంటుంది, నోట్లో ఒకటే ప్రశ్న ఉంటుంది: ‘డాక్టర్‌సాబ్, లోపలున్న రాడ్డు తీయించుకోవాలా, అలాగే ఉంచేసుకోవచ్చా?’

తీయించుకోవాలంటే మళ్లీ మత్తు, మళ్లీ కోత, మళ్లీ కుట్లు. యాకుత్‌పురాలో ఆటో నడిపే మనిషికైనా, లాడ్‌బజార్‌లో లక్కగాజుల మీద రాళ్లు అద్దే ఆవిడకైనా ఇంకోసారి పని మానుకుని మంచం పట్టడమే. పోనీ ఉంచుకుందామా అంటే, కండ పల్చగా ఉన్న చీలమండ దగ్గర స్క్రూ తల చేతికి తగులుతూ ఉంటుంది. కొందరికి చలి పెరిగితే అక్కడే సలుపు. ఎదిగే పిల్లల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఎముక పొడవు సాగుతుంది, లోపలి ప్లేటు సాగదు.

ఈ ప్రశ్న అడిగే అవసరమే లేకుండా చేయగల లోహం ఒకటుంది. అది మనకు తెలిసిందే. బడిలో సైన్సు మాస్టారు పటకారుతో పట్టుకుని వెలిగిస్తే కళ్లు చెదిరే తెల్లటి వెలుగుతో మండిన రిబ్బన్ గుర్తుందా? అదే మెగ్నీషియం. ఎముకకు ఆసరాగా నిలిచి, పని అయ్యాక ఒంట్లోనే కరిగి, మూత్రంలో బయటికి పోతుంది. చెప్పుకోవడానికి ఇంత తేలికైన సంగతి నూట ఇరవై ఏళ్లుగా వైద్యుల్ని ముప్పుతిప్పలు పెడుతోంది. కారణం ఒక్కటే, దాని తొందర. ఆ తొందరకు పగ్గం వేయడానికే ఇప్పుడు నానో పదార్థాలు రంగంలోకి దిగాయి.

సెంట్రింగ్ ఎప్పుడు తీయాలి?

ఇల్లు కట్టినవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. స్లాబు పోశాక కింద సెంట్రింగ్ కర్రలు ఉంటాయి. కాంక్రీటు గట్టిపడకముందే లాగేస్తే స్లాబు కూలుతుంది. గట్టిపడ్డాక వాటితో పని లేదు. ఎముకకు వేసే ప్లేటూ, రాడ్డూ అచ్చం ఇలాంటి తాత్కాలిక ఆసరాలే. కాకపోతే మనం వాడే స్టీలు, టైటానియం మాత్రం శాశ్వతమైనవి.

విరిగినచోట జరిగే పని వరసగా చూస్తే ఈ ఆసరా ఎన్నాళ్లు కావాలో తెలుస్తుంది. ముందు అక్కడ రక్తం గడ్డకడుతుంది. మొదటి వారమంతా వాపు, నొప్పి. ఒంటి రక్షణ కణాలు వచ్చి చెత్త ఊడ్చి, బాగుచేసే కణాలకు కబురు పెట్టే దశ ఇది. రెండు మూడు వారాలకు విరిగిన రెండు కొసల మధ్య మెత్తటి వంతెన లాంటిది కడుతుంది. దాన్నే డాక్టర్లు క్యాలస్ అంటారు. ఆరు నుంచి పన్నెండు వారాల్లో అది గట్టి ఎముకగా మారుతుంది. ఆ తర్వాత నెలల నుంచి ఏళ్ల దాకా ఎముక తనను తాను చెక్కుకుంటూ పాత ఆకారానికి వస్తుంది. ఆసరా అవసరం మొదటి మూడు నాలుగు నెలలకే ఎక్కువ. ఆ తర్వాత అది మెల్లగా తప్పుకుంటే చాలు.

తప్పుకోకపోతే ఇంకో ఇబ్బంది ఉంది. ఎముక బరువు మోస్తేనే బలంగా ఉంటుంది. పక్కనే తనకన్నా గట్టి లోహం ఉంటే బరువంతా అదే మోసేస్తుంది. పని లేని ఎముక పల్చబడుతుంది. గట్టిదనాన్ని కొలిచే లెక్కలో మన గట్టి ఎముక సుమారు 10 నుంచి 30 గిగాపాస్కల్స్ ఉంటుంది. టైటానియం 110, స్టీలు 200 దగ్గర. మెగ్నీషియం 45 లోపే. అంటే లోహాల్లో ఎముకకు బాగా దగ్గరి చుట్టం ఇదే. బరువులోనూ అంతే. ఒకే సైజు ప్లేటు స్టీలుతో చేస్తే మెగ్నీషియం ప్లేటుకన్నా నాలుగున్నర రెట్లు బరువు తూగుతుంది. పైగా మెగ్నీషియం ఒంటికి పరాయిది కాదు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోనే.

ఎనిమిది రోజుల్లో తెల్లారిపోయిన ప్లేటు

ఇది ఇవాళ్టి ఆలోచన కాదు. 1878లోనే అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ హ్యూస్ రక్తనాళాలు కట్టడానికి మెగ్నీషియం తీగ వాడాడు. ఎముకల దగ్గరికి దాన్ని తెచ్చింది బెల్జియం సర్జన్ అల్బిన్ లాంబోట్. 1906లో కాలు విరిగిన పదిహేడేళ్ల కుర్రాడికి ఆయన మెగ్నీషియం ప్లేటు పెట్టి, బంగారు పూత వేసిన స్టీలు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులు తిరిగేసరికి ప్లేటు ముక్కలైపోయింది. చర్మం కింద గ్యాసు ఉబ్బింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు డిగ్రీ విద్యార్థి కూడా చెప్పగలడు. ఒంట్లోని నీరు ఉప్పునీరు. అందులో రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలితే కరెంటు పుడుతుంది. బ్యాటరీ సూత్రమే అది. ఆ బేరంలో బలహీనమైన లోహం బలైపోతుంది. స్టీలు మేకుల కోసం మెగ్నీషియం ప్లేటు కరిగిపోయింది. లాంబోట్ శిష్యుడు జాన్ వెర్‌బ్రూగ్ 1930ల్లో మెగ్నీషియాన్నే మళ్లీ పట్టుకుని, మోచేతి పైభాగం విరిగిన పిల్లల్లో మెరుగైన ఫలితాలు చూపించాడు. అప్పటికే తుప్పుపట్టని స్టీలు చేతికొచ్చింది. తుప్పు పట్టే లోహంతో ఎవరికి పని? మెగ్నీషియం అటకెక్కింది.

తొందర ఎంతటిదో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. మెగ్నీషియం నీటితో కలిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారి హైడ్రోజన్ వదులుతుంది. ఒక గ్రాము లోహం కరిగితే వచ్చేది సుమారు లీటరు గ్యాసు. అర గ్రాము స్క్రూ ఒకటి అనుకుందాం. అది ఏడాది పాటు నిదానంగా కరిగితే రోజుకు ఒకటిన్నర మిల్లీలీటర్ల లోపే గ్యాసు వస్తుంది. చుట్టూ ఉన్న కండ, రక్తం దాన్ని పీల్చుకుంటాయి. అదే స్క్రూ ఎనిమిది రోజుల్లో కరిగిందా, రోజుకు అరవై మిల్లీలీటర్లు. చర్మం ఉబ్బక ఏమవుతుంది? లోహం ఒకటే, బరువు ఒకటే. మందా, ముప్పా అన్నది వేగమే తేల్చింది.

ప్రయోగశాలల్లో ఈ వేగాన్ని కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. రక్తంలోని లవణాలను అదే పాళ్లలో కలిపి ఒక ద్రవం తయారుచేస్తారు. దాన్ని 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచి, గాజు పాత్రలో బిళ్లంత మెగ్నీషియం ముక్క వేస్తారు. దాని మీద గరాటు బోర్లించి, గరాటు కాడ మీద ద్రవం నింపిన కొలత గొట్టం తలకిందులుగా నిలబెడతారు. ముక్క నుంచి సన్నటి బుడగలు ఒక్కొక్కటే లేచి గొట్టంలోకి ఎక్కుతుంటే లోపలి ద్రవం మట్టం గీత గీతగా కిందికి దిగుతుంది. ఎన్ని గంటలకు ఎన్ని గీతలు దిగిందో రాసుకోవడమే. కోట్ల రూపాయల యంత్రాలు ఎన్ని వచ్చినా, మెగ్నీషియం తొందరను పట్టిచ్చే సాక్ష్యం ఇప్పటికీ ఈ బుడగలే.

పగ్గం పేరు నానో

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. అంత చిన్న కొలతతో ఎముకకు ఏం సంబంధం అనిపించొచ్చు. అసలు ఎముక కట్టిందే ఆ కొలతల్లో. కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉండే హైడ్రాక్సీ అపటైట్ అనే ఖనిజపు పలకలు పేర్చి ఉంటాయి. పోగు వంగుతుంది, పలక బరువు మోస్తుంది. ఎముకను కట్టే కణం తన చుట్టూ తడిమి చూసుకునేది ఈ స్థాయిలోనే. కాబట్టి దానికి నచ్చే నేల తయారుచేయాలన్నా ఆ స్థాయికే దిగాలి.

పరిశోధకులు పట్టుకున్న దారులు ముఖ్యంగా నాలుగు. మొదటిది పూత. మెగ్నీషియం స్క్రూ మీద హైడ్రాక్సీ అపటైట్ లాంటి పదార్థాన్ని పల్చటి పొరగా వేస్తారు. ఉప్పునీరు లోహాన్ని చేరడానికి సమయం పడుతుంది, పైగా ఆ పొర ఎముక కణాలకు పరిచయమైన సరుకే. రెండోది లోహం లోపలి రేణువుల్ని సన్నం చేయడం. రేణువులు సన్నగా, ఒకే తీరుగా ఉంటే తుప్పు ఒకచోటే గుంట తవ్వకుండా సమంగా సాగుతుంది.

మూడోది తెలివైన సర్దుబాటు. మోకాలి లిగమెంటు ఆపరేషన్లలో కరిగిపోయే ప్లాస్టిక్ స్క్రూలు ఇప్పటికే వాడుతున్నారు. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసే ఇవి కరిగేటప్పుడు ఆమ్లం విడుదలై చుట్టుపక్కల వాపు రావచ్చు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ క్షారం. దాని నానో రేణువుల్ని ఆ ప్లాస్టిక్‌లో కలిపితే ఆమ్లం అక్కడికక్కడే విరుగుతుంది. ఒకదాని దోషానికి ఇంకొకటి విరుగుడు. నాలుగోది, ఎముక ముక్కే ఎగిరిపోయి ఖాళీ మిగిలినచోట నింపడానికి మెగ్నీషియం కలిపిన నానో ముద్దలు, స్పాంజి లాంటి చట్రాలు. మెగ్నీషియం ఆక్సైడ్ నానో రేణువులు చీము పుట్టించే బ్యాక్టీరియాను అణచగలవని కూడా ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఎముక బయటికి పొడుచుకొచ్చిన గాయాల్లో డాక్టర్లను ఎక్కువగా భయపెట్టేది చీమే కాబట్టి ఈ గుణం మీద ఆశలు బాగానే ఉన్నాయి.

ఊతం మాత్రమే కాదు, మందు కూడా

మెగ్నీషియం కరిగిపోవడమొక్కటే కాదు, కరుగుతూ ఎముకను పెంచుతుంది కూడా. దీని గుట్టు 2016లో బయటపడింది. హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ బృందం ఎలుకల తొడ ఎముకలో మెగ్నీషియం పుల్ల పెట్టి చూసింది. ఎముకను కప్పి ఉండే పల్చటి పొరలో నొప్పి తెలిపే నరాల కొసలుంటాయి. కరిగిన మెగ్నీషియం వాటిని చేరగానే అవి సీజీఆర్‌పీ అనే రసాయనాన్ని ఎక్కువగా వదిలాయి. ఆ రసాయనం పొరలోని మూలకణాల్ని ఎముక కట్టే కణాలుగా మార్చింది. అంటే ఎముక అతకడంలో నరాలకూ చెయ్యి ఉంది. అదే బృందం, ఎముకలు గుల్లబారిన ఆడ ఎలుకల్లో మెగ్నీషియం కలిపిన రాడ్డు విరిగిన తొడ ఎముకను త్వరగా అతికించిందని కూడా చూపింది. నెలసరి ఆగిపోయిన వయసులో స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకునే మన అమ్మమ్మలకూ నానమ్మలకూ కావలసిన కబురు ఇదే. అది ఇంకా ఎలుకల దగ్గరే ఉందన్నది మరవకూడదు.

2021లో హాంకాంగ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన మరో పరిశోధన ఈ ఉత్సాహానికి కళ్లెం వేసింది. వాపు ఉండే తొలి దశలో మెగ్నీషియం రక్షణ కణాల చేత ఎముకకు మేలు చేయిస్తుంది. అదే మెగ్నీషియం ఎముక గట్టిపడి చెక్కుకునే చివరి దశలోనూ వస్తూనే ఉంటే, ఎముకను కొరికే కణాలకు బలమిచ్చి, ఖనిజాలు పేరుకోకుండా అడ్డుపడుతుంది. మొదట మేలు చేసిందే చివర కీడు చేస్తుంది. కాబట్టి వేగం ఒక్కటే కాదు, వేళ కూడా ముఖ్యమే. మొదటి వారాల్లో కాస్త ఎక్కువ, తర్వాత తగ్గుతూ పోయేలా మెగ్నీషియాన్ని వదలాలి. మామూలు లోహపు ముక్కకు ఇంత వివరం చెప్పి ఒప్పించలేం. పొర మందాన్నీ, రేణువు సైజునూ మార్చి ఒప్పించగలిగేది నానో పదార్థాలే. ఈ రంగంలో వాటికి ఇంత గిరాకీ అందుకే.

మనుషుల దాకా వచ్చినవి లేకపోలేదు. జర్మనీలోని హానోవర్ కంపెనీ సింటెలిక్స్ తయారుచేసిన మాగ్నెజిక్స్ స్క్రూకు 2013లో యూరప్ అనుమతి దొరికింది. కాలి బొటనవేలు వంకర సరిచేసే ఆపరేషన్‌లో 13 మందికి ఈ స్క్రూ, మరో 13 మందికి టైటానియం స్క్రూ వేసి ఆరు నెలల తర్వాత పోల్చారు. రెండింటి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అల్లా, మెగ్నీషియం స్క్రూను తీయడానికి మళ్లీ కోయాల్సిన పని లేదు. దక్షిణ కొరియాలో మెగ్నీషియానికి కాల్షియం, జింకు కలిపిన స్క్రూతో మణికట్టు విరిగిన 53 మందికి చికిత్స చేశారు. ఆరు నెలల్లో ఎముకలు అతికాయి. ఏడాదికి స్క్రూ ఉన్నచోటే కొత్త ఎముక వచ్చి చేరింది. అన్నీ చిన్న ఎముకలే. బరువంతా మోసే తొడ ఎముకకు, కాలి ఎముకకు మెగ్నీషియం రాడ్డు వేసే ధైర్యం ఇంకా రాలేదు.

బాలాపూర్ దారిలో

చార్మినార్ నుంచి ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్, అది దాటితే బాలాపూర్. ఆ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది వినాయకుడి లడ్డూ వేలం. అక్కడే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద పనిచేసే పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. లోహాల్ని పొడిగా చేసి, ఆ పొడిని నొక్కి, కాల్చి వస్తువులు తయారుచేసే పౌడర్ మెటలర్జీ దీని మూల విద్య. జర్మనీ స్క్రూ తయారైందీ ఈ పద్ధతిలోనే.

ఏఆర్‌సీఐ శాస్త్రవేత్తలు తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి కరిగే లోహం సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నారు. మెగ్నీషియం మరీ తొందరపడితే, ఇనుము మరీ బద్ధకిస్తుంది. ఏళ్లు గడిచినా ఒంట్లో కదలదు. దానికి 29 శాతానికి మించి మాంగనీస్ కలిపారు. కరిగే వేగం పెరిగింది, అయస్కాంత గుణం పోయింది. అయస్కాంత గుణం లేకపోతే రోగిని ఎంఆర్‌ఐ గదిలోకి నిశ్చింతగా పంపొచ్చు. ఒంటి ద్రవాన్ని పోలిన ద్రావణంలో ఈ మిశ్రమం ఏడాదికి 0.026 నుంచి 0.14 మిల్లీమీటర్ల చొప్పున కరిగింది. మూడు నుంచి ఆరు నెలలు బలంగా నిలబడి, ఏడాది నుంచి రెండేళ్లలో పూర్తిగా మాయమవుతుందని వాళ్ల అంచనా. 2020లో ఈ వివరాలు ప్రకటించారు. ఇదే మిశ్రమంతో 2 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల పొడవున్న స్టెంట్ కూడా చేసి చూపించారు. దాని గోడ మందం 175 మైక్రాన్లు.

మెగ్నీషియం దారిలో నడిచినవాళ్లూ మనకు దూరంగా లేరు. ఐఐటీ మద్రాసులో టి.ఎస్. సంపత్‌కుమార్ బృందంలో పనిచేసిన బి. రత్న సునీల్, అక్కడి సహచరులతో కలిసి 2014లో ఒక పద్ధతి ప్రకటించారు. మెగ్నీషియం పలకలో సన్నటి గాడి తీస్తారు. అందులో నానో హైడ్రాక్సీ అపటైట్ పొడి నింపుతారు. గిర్రున తిరిగే గట్టి పనిముట్టును ఆ గాడి మీద నొక్కిపెట్టి ముందుకు నడుపుతారు. రాపిడి వేడికి లోహం కరగదు, పిసికిన పిండిలా మెత్తబడి పొడిని తనలో కలిపేసుకుంటుంది. చల్లారాక చూస్తే, పదుల మైక్రాన్ల రేణువులు కాస్తా కొన్ని మైక్రాన్లకు చిక్కిపోయి ఉంటాయి. తుప్పు నెమ్మదించింది, ఎముక కణాలు పట్టుకునే గుణం పెరిగింది. సునీల్ తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీలో, బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ ఈ పరిశోధనను కొనసాగించారు. ఈ విద్య మెట్రో నగరాల సొత్తేమీ కాదనడానికి ఇదే రుజువు.

కంచన్‌బాగ్ చెప్పే పాఠం

పాతబస్తీని ఆనుకునే ఉన్న కంచన్‌బాగ్ దేశానికి లోహాల కొలిమి. రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ అక్కడే, క్షిపణుల డీఆర్‌డీఎల్ అక్కడే, 1973లో పుట్టిన మిధాని అక్కడే. రాకెట్లకూ జలాంతర్గాములకూ ప్రత్యేక లోహాలు ఇచ్చే మిధాని ఎముకల ప్లేట్లకూ, స్క్రూలకూ, తుంటి కీళ్లకూ పనికొచ్చే టైటానియాన్నీ తయారుచేస్తోంది.

ఇక్కడ ఒకసారి అద్భుతం జరిగింది. డీఆర్‌డీఎల్‌లో అగ్ని క్షిపణి కోసం తేలికైన మిశ్రమ పదార్థం తయారైంది. నిమ్స్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఎముకల డాక్టర్ ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని, దాని తేలికదనానికి ఆశ్చర్యపోయి, అక్కడి శాస్త్రవేత్త అబ్దుల్ కలామ్‌ను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా తూగే ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. తన జీవితంలో ఎక్కువ ఆనందమిచ్చిన పనుల్లో ఇది ఒకటని కలామ్ చాలా సభల్లో చెప్పుకున్నారు. 1990ల్లో గుండె వైద్యుడు సోమరాజుతో కలిసి చేసిన కలామ్-రాజు స్టెంట్ వెనకా ఉన్నది ఇలాంటి చెలిమే. నిమ్స్ పుట్టుక కూడా ఎముకలతోనే ముడిపడింది. ఏడో నిజాం ధర్మనిధితో 1960ల్లో మొదలైనప్పుడు దాని పేరు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి.

క్యాలిపర్ ఒంటి బయట ఉండేది కాబట్టి మూడు వారాల్లో పని అయింది. ఒంట్లో కరిగే లోహం విషయంలో అలాంటి తొందర పనికిరాదు, పెట్టకూడదు కూడా. 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం జంతువుల మీద, తర్వాత మనుషుల మీద దశలవారీగా పరీక్షించి భద్రత నిరూపించాలి. నానో రేణువులు ఒంట్లో ఎక్కడికి చేరుతున్నాయో, ఎంత పేరుకుంటున్నాయో చూడాలి. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతిన్న రోగికి ఈ లోహం సరిపడదు. ఇదంతా ఏళ్ల పని, డబ్బుతో కూడిన పని.

పహిల్వాన్, పాయా, నల్లేరు

ఇంత సైన్సు చెప్పుకున్నాక ఇంటి నమ్మకాల సంగతి తేల్చకపోతే కథ సగమే. పాతబస్తీలో కాలు మడతపడితే ముందు పహిల్వాన్ దగ్గరికి వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాదులకు కీళ్లు పట్టి సరిచేయడం వారసత్వంగా వచ్చిన విద్య. మనకు పుత్తూరు కట్టు ఎంతో, వాళ్లకు పహిల్వాన్ కట్టు అంత. బెణుకులకు, కీలు కాస్త పక్కకు జరిగినప్పుడు వాళ్ల చేతివాటం పనిచేయొచ్చు. విరిగిన ఎముక సంగతి వేరు. ఎక్స్‌రే లేకుండా బిగించి కట్టు కడితే లోపల వాపు పెరిగి రక్తం ఆడక, వేళ్లు నల్లబడి, చెయ్యి తీసేయాల్సిన స్థితికి వచ్చిన రోగులు పెద్దాసుపత్రులకు కొత్తేం కాదు. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదపలేకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఎముక విరిగిందనగానే చుట్టాలు క్యారియర్‌లో పాయా షోర్బా తెస్తారు. తెలుగిళ్లలో నల్లేరు పచ్చడి నూరతారు. నల్లేరు మీద ఎలుకల్లో మంచి ఫలితాలే వచ్చాయి. పాయా వల్ల కాస్త ప్రొటీన్ అందుతుంది, నోటికి రుచి తెలుస్తుంది. అయితే కడుపులోకి వెళ్లిన మెగ్నీషియం నేరుగా విరిగినచోటికి వెళ్లి కూర్చోదు. స్క్రూ నుంచి అక్కడికక్కడే కరిగే మెగ్నీషియం వేరు, తిండిలోది వేరు. తిండిలోదీ ఒంటికి కావాల్సిందే. రాగులు, సజ్జలు, నువ్వులు, బాదం, గుమ్మడి గింజలు, తోటకూర అందుకు చాలు. ఈ వ్యాసం చదివి మందుల షాపులో మెగ్నీషియం మాత్రలు కొనుక్కుంటే ఎముక ముందే అతుక్కుంటుందని మాత్రం అనుకోవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాటి జోలికి అసలే పోవద్దు.

కావలసింది వంతెన

లెక్క తీసి చూస్తే హైదరాబాద్‌కు దేనికీ కొరత లేదు. బాలాపూర్‌లో కరిగే లోహం తయారుచేసిన చేతులున్నాయి. కంచన్‌బాగ్‌లో లోహాన్ని కొలతకు తగ్గట్టు మలిచే కొలుములున్నాయి. ఉస్మానియాలో, నిమ్స్‌లో, గాంధీలో ఎముకలు విరిగి వచ్చే రోగులకు లోటు లేదు. పేదల ఆపరేషన్ ఖర్చు భరించడానికి ఆరోగ్యశ్రీ ఉంది. లేనిదల్లా వీటిని కలిపే పద్ధతి ఒక్కటే. కలామ్ నాడు ఒక డాక్టరు చొరవతో వార్డులోకి నడిచారు. ఆ నడక మనిషిని బట్టి కాకుండా వ్యవస్థను బట్టి జరగాలి. గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన అయింది. ఆ కొత్త భవనంలో ఎముకల విభాగానికి పరిశోధన గది ఒకటి, ప్రయోగశాలలతో రాతపూర్వక ఒప్పందం ఒకటి, నైతిక కమిటీ నిఘాలో మొదలయ్యే చిన్న పరీక్ష ఒకటి ఉండాలి. బొటనవేలు, మణికట్టు లాంటి చిన్న ఎముకలతో మొదలుపెట్టి, పిల్లల విరుపుల దాకా ఆచితూచి వెళ్లాలి. రెండో ఆపరేషన్ తప్పితే ఎక్కువ లాభపడేది రోజుకూలీలు, వాళ్ల పిల్లలే.

అందాకా పాఠకులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదీ. కరిగే స్క్రూ వస్తుందని ఇవాళ్టి ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. స్టీలు, టైటానియం ఇప్పటికీ నమ్మదగినవే. రాడ్డు తీయించాలా వద్దా అన్నది వయసు, చోటు, నొప్పి చూసి మీ డాక్టరే తేల్చాలి. అందరికీ తీయాల్సిన పని లేదు. ఆపరేషన్ కాగితాలు, ఇంప్లాంట్ స్టిక్కర్లు, ఎక్స్‌రేలు పారేయకుండా దాచుకోండి. పదేళ్ల తర్వాత రాడ్డు తీయాల్సి వస్తే, ఏ కంపెనీ ప్లేటు, ఏ సైజు స్క్రూ అన్నది డాక్టరుకు చెప్పేది ఆ కాగితాలే.